ఇంకో చుట్టు

"వెనక చక్రంలో నిన్నటి నుంచీ టకటకమంటోందమ్మా. నువ్వు కాస్త నడుపు, నేను పక్కన నడుస్తూ వింటా" అన్నాడు మెకానిక్ కూతురితో.

"ముప్పై ఏళ్ల మెకానిక్‌వి, నడుపుతూ వినలేవా?"

"వెనక చక్రం కదా, ముందు కూర్చుంటే తెలీదే!"

కారుని గోడకు గుద్దిన రోజు నుంచి, అంటే మూడు నెలలుగా, ఆమె స్టీరింగ్ ముట్టలేదు. అయినా తాళాలు అందుకుంది. బండిని మెల్లగా వీధి చుట్టూ తిప్పింది.

అతను నడుం వంచి, చక్రానికి చెవి ఒగ్గి నడిచాడు. "ఆఁ, ఉంది. ఇంకో చుట్టు."

రెండో చుట్టుకి పరుగెత్తాల్సి వచ్చింది. "బేరింగే అయ్యుంటుంది. పెద్ద రోడ్డెక్కించు, వేగం మీద గానీ తేలదు" అంటూ రొప్పుతూ వెనక సీట్లో కూలబడ్డాడు.

పెద్ద రోడ్డు మీద ఆమె నాలుగో గేరు వేసింది. "వినిపిస్తోందా నాన్నా?"

"ఇప్పుడు మరీ ఎక్కువైంది తల్లీ!"

ఇంటి ముందు బండి ఆపి, ఆమె జేబులోంచి ఒక నట్టు తీసి అతని అరచేతిలో పెట్టింది.

"నీ డబ్బాలోదేగా? పొద్దున్నే వెనక చక్రం మూత విప్పి, లోపలున్న దీన్ని తీసేశాను. మరి ఇంతసేపూ నీకేం వినిపించింది?"

మెకానిక్ నట్టును గుప్పిట్లో దాచేశాడు.

ఆమె తాళాలు తన జేబులోనే వేసుకుంది.

"రేపు ముందు చక్రంలో వెయ్యి నాన్నా."