నీలం లైటు

"ఏదో ఒకటి ఇవ్వండి బాబూ, గంట నుంచీ నిలబడ్డాను," అంది ఆమె, వెనకవాళ్ల మోచేతులు వీపులో పొడుస్తుంటే.

ఎలక్ట్రానిక్ సంగీతోత్సవమని పేరే గానీ మైదానంలో చడీచప్పుడూ లేదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గోల పెడతారని సంగీతమంతా హెడ్‌ఫోన్లలోనే. వేదిక మీద ముగ్గురు వాయిస్తారు. ఎవరిది వింటే ఆ రంగు లైటు మన చెవి పక్కన వెలుగుతుంది, ఎరుపో ఆకుపచ్చో నీలమో. అంతవరకూ బాగానే ఉంది. పట్టే జనానికి రెండింతలు టిక్కెట్లు అమ్మేసిన మహానుభావులు హెడ్‌ఫోన్లు మాత్రం సగానికే తెచ్చారు. మంచినీళ్ల దగ్గర కూడా తోపులాటే.

కౌంటరాయన విసుక్కుంటూ బల్లకింద పక్కన పడేసిన అట్టపెట్టెలోంచి ఒకటి లాగి ఇచ్చాడు. పెట్టుకోగానే నీలం లైటు వెలిగింది, పాట మాత్రం రాలేదు. రంగు మార్చే మీట బిగుసుకుపోయింది. మార్చుకుందామంటే ఆ జనంలో వెనక్కి తిరగడానికే చోటు లేదు.

పోనీ ఇంటికి పోదామంటే అక్కడ ఎవరున్నారు గనక? ఈ ఊరికి బదిలీ మీద వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో పని. రోజంతా మనుషుల మధ్యే, మాట్లాడేది మాత్రం రెండే ముక్కలు: పిడికిలి బిగించండి, ఇక వదలండి. ఆదివారం వస్తే అవీ ఉండవు. గోడలు చూస్తూ కూర్చుంటే ఏడుపొచ్చేది. పొద్దున ఫోనులో అక్క ఒట్టు వేయించుకుంది, ఇవాళ ఒక్క మనిషితోనైనా మాట కలపకుండా ఇల్లు చేరనని.

అంచేత చుట్టూ అందరూ ఊగుతుంటే తను గుంజలా నిలబడింది. అప్పుడు కనిపించాడు గళ్లచొక్కా మనిషి. దగ్గర్లో నీలం లైటు అతనిదొక్కటే. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మెల్లగా ఊగుతున్నాడు. ఈయన్ని పట్టుకుంటే గట్టెక్కినట్టే అనుకుని తనూ అలాగే ఊగింది. అతను చూసి, నవ్వి, ఎదురుగా వచ్చి ఆడసాగాడు.

చెమట తుడుచుకోడానికి ఆమె చెయ్యెత్తితే అతనూ ఎత్తాడు. పాటలో అక్కడ చెయ్యెత్తాలి కాబోలు, అదృష్టం బాగుందనుకుంది. వేళ్లు తిమ్మిరెక్కి పిడికిలి బిగించి వదిలితే అతనూ బిగించి వదిలాడు. చెప్పు జారి ఆమె ఆగితే అతనూ ఆగాడు. పాట అయిపోయిందన్నమాట. ఎన్నాళ్లకో ఆమెకి కడుపారా నవ్వొచ్చింది.

పొద్దు వాలకముందే జనం విసుగెత్తి గేటు దారి పట్టారు. వేదిక మీద ముగ్గురూ ఇంకా వాయిస్తూనే ఉన్నారు. హెడ్‌ఫోన్లు తిరిగిచ్చే చోట ఇద్దరూ పక్కపక్కనే ఇరుక్కున్నారు. నోరు విప్పితే ఏ పాట నచ్చిందని అడుగుతాడు. విప్పకపోతే రేపట్నుంచి మళ్లీ ఆ రెండు ముక్కలే. అబద్ధమాడటానికి మనసొప్పలేదు.

"మీతో ఒకటి చెప్పాలండీ. నాది అసలు పలకనేలేదు. ఇందాకట్నుంచీ మిమ్మల్ని చూసే ఆడాను. ఏమీ అనుకోకండి."

అతను ఆమె హెడ్‌ఫోన్ కేసీ, ఆమె మొహం కేసీ మార్చి మార్చి చూశాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఇక అక్కకి ఏం చెప్పాలో అనుకుంటూ అటు తిరిగింది.

"ఒక్క క్షణం ఆగండి," అని అతను మెడలో వేలాడుతున్న తన హెడ్‌ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు. నీలం లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె చెవులకి పెట్టుకుంది.

అందులోనూ పాట లేదు.