రుచి చెప్పని మనిషి

వరసలో మళ్లీ ఆవిడే కనిపించేసరికి తమియోకి ఒళ్లు మండింది.

ఆవిడ పేరు యోనె. కొండ మీద బొగ్గు బట్టీ పక్కన గుడిసెలో ఉంటుంది. పోయిన చలికాలంలో ఎక్కణ్ణించో వచ్చి చేరారు మొగుడూ పెళ్లాం. ఊళ్లో ఎవరితోనూ కలవరు. కానీ వంట బస్సు వస్తే చాలు, అందరికంటే ముందు యోనె హాజరు. ఈ కామిసావ ఊరికి బస్సు రావడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ అంతే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పన్నెండేళ్లయినా ఈ కొండ ఊళ్లలో ఊదల అన్నం, ఉప్పులో ఊరిన ముల్లంగి తప్ప గిన్నెలో ఇంకోటి కనపడదు. అందుకే ప్రభుత్వం బస్సులో పొయ్యి బిగించి, తమియో లాంటి అమ్మాయిల్ని ఊళ్ల మీదికి పంపుతోంది. గుడ్లు, పాలపొడి, నూనెలో వేయించిన కేరట్లు. వండి చూపించాలి. మనిషికో చెంచా పెట్టాలి. ఎలా ఉందో అడిగి, పేరు పక్కన రాసుకోవాలి.

అందరూ చెప్పేవాళ్లు. యోనె ఒక్కతే చెప్పేది కాదు.

మొదటిసారి వచ్చినప్పుడు తన చెంచాడు కూరని వెదురాకులో చుట్టబోతే తమియోనే వారించింది. "పట్టుకెళ్లకూడదమ్మా. పాడైపోయి ఎవరికైనా కడుపులో నొప్పొస్తే మాట మాకొస్తుంది. ఇక్కడే తినాలి, మా కళ్లెదుట." యోనె తలొంచుకుని నోట్లో వేసుకుంది. ఎలా ఉందని అడిగితే నడుం వంచి నమస్కరించి, చరచరా కొండెక్కి వెళ్లిపోయింది. రెండోసారీ అదే తంతు. మూడోసారీ అదే.

పోయిన నెల ఆరోగ్య కేంద్రంలో పెద్దాయన ఆ పేర్ల కాగితం అందరి ముందూ ఎత్తి పట్టుకున్నాడు.

"కామిసావలో ఈ పేరు పక్కన ఎప్పుడూ ఖాళీయేనా? ఏమ్మా, మరీ అంత అన్యాయంగా వండుతున్నావా?"

తోటి అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. తమియోకి తలెత్తబుద్ధి కాలేదు. ఆ రోజంతా ఎవరి మొహమూ చూడకుండా గిన్నెలు తోముతూ కూర్చుంది.

ఇవాళ ఆ గడి నింపాల్సిందే.

ఉడికించిన బంగాళాదుంపల్లో గుడ్డు, పాలపొడి కలిపి వేయించింది. కమ్మటి వాసన ఊరంతా పాకింది.

"ముందు నాకు పెట్టు టీచరమ్మా," అంది తొరా బామ్మ గిన్నె చాపుతూ. "రెండు పళ్లే మిగిలాయి. నీ చెంచా వచ్చేలోగా అవీ రాలిపోయేట్టున్నాయి."

అందరూ గొల్లుమన్నారు. తమియో కూడా నవ్వింది. కానీ వరసలో ముందు నిలబడింది యోనె.

యోనె చెంచా అందుకుంది. నోట్లో వేసుకుంది. పెదాలు బిగించింది. వంగి నమస్కరించి వెనక్కి తిరిగింది.

తమియో బస్సు దిగి దారికి అడ్డంగా నిలబడింది.

"ఎలా ఉందో చెప్పి వెళ్లండి."

యోనె తలూపింది.

"తలూపితే కాదు. నోటితో చెప్పాలి. బాగుందా, లేదా?"

యోనె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని పక్కనించి తప్పుకోబోయింది. తమియో కూడా పక్కకి జరిగింది.

"దానికి పొగరు టీచరమ్మా," వెనకనించి అందుకుంది తొరా బామ్మ. "నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని దాని భయం!"

"పక్కింటివాళ్లతోనే పలకదు, మీతో పలుకుతుందా?" అంది ఇంకొకామె.

ఆ మాటలు తననే అన్నట్టు తమియో మొహం ఎర్రబడింది. గొంతు పెంచింది.

"చూడండి, ఇది సర్కారు పెడుతున్న తిండి. తినేసి దులుపుకుని పోవడానికి కాదు. మీరు ఒక్క మాట చెప్పకపోతే అక్కడ తల దించుకునేది నేను. చెప్పేదాకా కదలనివ్వను."

యోనె ఆమె మొహంలోకి చూసింది. కొండ వైపు చూసింది. మళ్లీ ఆమెని చూసింది. కళ్లనిండా నీళ్లు. గుటక పడి గొంతు ఒక్కసారి కదిలింది.

"బాగుంది," అంది. అంత సన్నటి గొంతని ఎవరికీ తెలియదు. "చాలా... చాలా బాగుందండీ."

అని, ఏడుస్తూ పరిగెత్తింది.

"చూశారా, టీచరమ్మ చేతి వంటకి ఏడుపే ఆగలేదు!" అంది తొరా బామ్మ. అందరూ చప్పట్లు కొట్టారు.

తమియో గడిలో 'బాగుంది' అని రాసింది. రాశాక సంతోషం కలగలేదు. పదిమందిలో తనకి జరిగిందే తను ఇంకొకరికి చేసినట్టనిపించి సిగ్గేసింది. మిగతావాళ్లకి వడ్డిస్తున్నంతసేపూ ఆ కన్నీళ్లే గుర్తొచ్చాయి.

అందరికీ పంచే, వంట తీరు అచ్చేసిన కాగితం యోనె తీసుకోకుండానే వెళ్లిపోయింది. తమియోకి అదే వంక.

"ఇచ్చేసి వస్తాను," అని డ్రైవరుకి చెప్పి కొండెక్కింది. దారంతా మాటలు కూడబలుక్కుంది. నలుగురిలో అలా అడగాల్సింది కాదు, తప్పు నాదే, మనసులో పెట్టుకోవద్దు అనాలి.

బట్టీకి కాస్త ఇవతల, రాయి మీద యోనె కూర్చుని ఉంది. ఇంటికి ఇంకా వెళ్లనేలేదు. తమియో పిలిచేలోగా తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకుని లేచి, గుడిసె వైపు నడిచింది. తమియో కాగితం పట్టుకుని వెనకే వెళ్లింది.

యోనె తలుపు తీసింది.

లోపల పరుపు మీద పడుకున్న నాలుగేళ్ల పాప, కదలని కాళ్లని అలాగే వదిలేసి, మెడ మాత్రం పైకెత్తి, తల్లి నోట్లోని ముద్ద కోసం నోరు తెరిచింది.