రెండు జాడీలు

ఇంటింటా గోడకి తీర్పరి పెట్టె వచ్చాక కాకినాడలో మాటకి మాట పెరగడమే మానేసింది. ఎవరు గొంతు పెంచినా, "ఇది అభిప్రాయం. ఆధారం ఉందా?" అని అది నెమ్మదిగా అడిగేది.

అంతకుముందు పేర్రాజు, సుభాషిణి దంపతులు ఏటా ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అని పోట్లాడుకునేవారు. "మీ పుట్టింటివాళ్ళకి ఆవకాయ సంగతేం తెలుసే!" అని అతను ఎగిరేవాడు. "మీ అమ్మగారి జాడీకంటే నయమే!" అనేది ఆమె. ముక్కలు కొట్టడం అయ్యేసరికి ఇద్దరూ నవ్వేసేవారు. ఇప్పుడు తీర్పరి చెప్పినట్టు, వెల్లుల్లితో ఒకటి, లేకుండా ఒకటి, రెండు జాడీలు.

ఈ ఏడు మామిడి ముక్కలు తుడుస్తున్న సుభాషిణి ఉన్నట్టుండి లేచి, పెట్టె ఆపేసి వచ్చింది.

"మీ అమ్మగారి ఆవకాయ అసలెవరైనా తినేవారాండీ?" అంది.

పేర్రాజు చేతిలో కత్తి ఆగింది. ఆమె ఆశగా చూసింది.

"ఎవరి రుచి వాళ్ళది కదా," అన్నాడు మెత్తగా. "నువ్వన్నదాంట్లోనూ న్యాయం ఉంది."

సుభాషిణి తల వంచుకుని ఆవపిండి కలపసాగింది. కాసేపటికి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

పేర్రాజు ఆమెనీ, బేసిన్‌నీ మార్చి మార్చి చూశాడు.

"ఆవ ఘాటు," అని తేల్చాడు.