గోడవతలి విసుర్రాయి

"అక్కా, గిన్నె అందుకో. పొద్దు గూకుతాంది."

మొండిగోడ మీదుగా జైనబీ చాచిన గిన్నెను ఉప్పలమ్మ రెండు చేతులా అందుకుంది. ఉడికించిన శనగ గుగ్గిళ్లు, పైన నాలుగు ఉల్లిగడ్డ ముక్కలు. అందుకుందే గానీ నోట్లో వేసుకోలేదు.

"తినవేందక్కా? నీకేమన్న రోజానా?"

"నువ్వు నీళ్లన్న ముట్టకముందు నేనెట్ల తింటనే? ముందుగాల నువ్వు కానియ్యి."

పొద్దు కుంకింది. జైనబీ బిస్మిల్లా అనుకుని ఇంత ఉప్పు నాలుకకు రాసుకుని నీళ్లు తాగింది. అప్పుడు మొదలుపెట్టింది ఉప్పలమ్మ. గిన్నె అడుగు కూడా వేలితో తుడిచి నాకింది.

"ఇంత ఎండల పొద్దంత ఎట్లుంటవే చెల్లే? ఏమొస్తది గిట్లుంటె?"

"రోజా అంటె ఉత్త ఉపాసం గాదక్కా. నోరు పట్టుకోవాలె, కోపం పట్టుకోవాలె. ఆకలైనోళ్ల కడుపు ఎట్ల కాల్తదో మనకు ఎరుక గావాలె."

"అయిందా మరి ఎరుక?"

"అయితాంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఉప్పలమ్మ జారిపోతున్న గాజులు పైకి తోసుకుని గిన్నె కడిగిచ్చింది.

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఆంధ్రలో కలవని ఎండాకాలం అది. పిండి గిర్నీలు రాని కాలం. ఏ ఇంట్లో విసుర్రాయి ఏ పాటకు తిరుగుతుందో వీధంతా తెలిసిన కాలం. కోస్గి పక్కన ఆ పల్లెలో మసీదు లేదు, గడియారం పటేలు ఇంట్లో తప్ప లేదు. తెల్లారకముందు సహరి తినడానికి జనాన్ని లేపే ఫకీరు కోస్గి దాటి రాడు. జైనబీ మొగుడు ఇమాంసాబు బతికున్నన్నాళ్లు ఆమెను తనే లేపేవాడు. ఆయన పోయాక జైనబీ జ్వరంతో మంచం పట్టి, నిరుడు ఒక్క రోజా కూడా ఉండలేకపోయింది. ఆ బాధ ఆమెను ఏడాదంతా తినేసింది. ఈసారి ఒక్కటీ వదలనని పట్టుబట్టింది.

పట్టుదలైతే ఉంది గానీ ఒంట్లో సత్తువ లేదు. మొదటిరోజే మెలకువ రాలేదు. సహరి తినకుండానే ఉపవాసముండి, మధ్యాహ్నం బొంత కుడుతూ కుడుతూ పక్కకు ఒరిగిపోయింది. ఉప్పలమ్మ గోడ దూకినంత పని చేసి వచ్చి మొహాన నీళ్లు చల్లింది.

"గిట్లయితె నాలుగు దినాలు గూడ ఉండవు నువ్వు. రేపటిసంది నా ఇసుర్రాయి లేపుతది నిన్ను. ఫికర్ చెయ్యకు."

"నీ రాయి చప్పుడే లేదు గదక్కా ఈ నడుమ?"

"గంట్లు అరిగిపోయినయని మూలకు పెట్టిన. కొట్టిపిస్త."

అన్నట్టే మర్నాడు తొలికోడి కూయగానే గోడవతల రాయి గరగరలాడింది. కొత్త గంట్లు కదా, చప్పుడు ఎక్కువే. జైనబీ "లేచినక్కా" అనేదాకా తిరిగేది. ఆ మాట విన్న కాసేపటికి ఆగేది. రోజాలన్నీ ఒకదాని వెంట ఒకటి చక్కగా గడుస్తున్నాయి. ఎన్నాళ్లకో జైనబీ మొహంలో వెలుగు కనిపించింది.

అదంతా బావి దగ్గర అదే వీధి యాదమ్మ నోరు విప్పేదాకా.

"ఊరంత చెలకలు ఎండిపాయె. మీ అక్క మొగడు మారయ్య కూలికని రాయచూరు పాయె. ఆమె ఇంట్ల మాత్రం రోజూ రాయి తిరుగుతాంది. పాతర నిండ జొన్నలు దాసుకున్నట్టుంది. నీకన్న ఒక రొట్టె ఇచ్చిందా?"

జైనబీకి చివుక్కుమంది. నిజమే. ప్రతి ఏడూ సహరికి ఉప్పలమ్మ చేతి వేడి జొన్నరొట్టె గోడ దాటి వచ్చేది. ఈసారి ఒక్కటీ రాలేదు. తను మాత్రం కొల్లాపూర్ నుంచి అన్న పంపిన శనగల్లోంచి రోజూ గిన్నెడు పంచుతోంది.

ఆ పొద్దు ఉండబట్టలేక అడిగేసింది.

"అక్కా, రోజూ ఇసురుతవు గద. ఒక్క రొట్టెకు గూడ నోచుకోనైతినా నేను?"

ఉప్పలమ్మ గాజులు పైకి తోసుకుంది.

"పురుగు పట్టిన జొన్నలే అవి. రోజా ఉన్నదానికి గవి పెడితె నాకు పాపం తాకదా?"

"నీకు మంచిగున్నయి, నాకు పురుగులా?"

జైనబీ విసురుగా లోపలికి పోయింది. ఆ సాయంత్రం గుగ్గిళ్ల గిన్నె గోడ దాటలేదు. గోడవతల ఉప్పలమ్మ నిలబడ్డ అలికిడి వినిపించినా బయటికి రాలేదు. ఇక రాయి తిరగదులే అనుకుంటూ, రేపటి రోజా ఎట్లా అని గుబులుపడుతూనే పడుకుంది.

తొలికోడికి రాయి తిరిగింది. మెల్లగా, ఆగి ఆగి తిరిగింది. కానీ జైనబీ లేచేదాకా తిరుగుతూనే ఉంది.

జైనబీకి సిగ్గేసింది. రోజా ఉండి కోపం పట్టుకోలేకపోయిన తన నోటిని తనే తిట్టుకుంది. ఆ పొద్దు గిన్నె నిండా గుగ్గిళ్లు పోసి, "తప్పయిందక్కా" అంది.

"తప్పేందే, పిచ్చిదానా. అక్కకు గాక ఎవరికి చెప్పుకుంటవు?" అంటూనే ఉప్పలమ్మ గబగబా గిన్నె అందుకుంది.

నెలవంక కనిపించింది. ఒక్క రోజా కూడా పోలేదు. పండుగ పూట స్నానం చేసి, నమాజు చేసి, ఇమాంసాబును తలుచుకుని తృప్తిగా ఏడ్చింది జైనబీ. సేమ్యా గిన్నె పట్టుకుని మొదటగా ఉప్పలమ్మ ఇంటికే పోయింది. ఉప్పలమ్మ బావికి పోయినట్టుంది, ఇంట్లో లేదు.

మూలన విసుర్రాయి. దాని చుట్టూ పరిచిన పాత చీరమీద పలచగా తెల్లటి పొడి.

'పాపం, నాకు పెట్టలేక ఎంత కుమిలిందో. ఏమంత పురుగు పట్టిందో చూస్త' అనుకుంది జైనబీ. పురుగున్నా సరే, ఇవాళ ఆ పిండితోనే ఇద్దరికీ రొట్టెలు చేద్దామని కొంగు బిగించింది. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది.

రాతిపొడి.