గోడకు చెప్పిన జవాబు

బొబ్బిలిలో ఇంటింటి గోడకూ డాక్టరు యంత్రం వచ్చాక, అది చీటీ ఇస్తేనే ఆసుపత్రిలో చూస్తున్నారు. సింహాద్రి నెల రోజులుగా తల పట్టుకుని కూర్చుంటున్నాడు, వాంతులు చేసుకుంటున్నాడు. గోడ మాత్రం అంతా మామూలే అంటోంది.

ఆ ఉదయం అతను గడప దగ్గర పడిపోయాడు. భార్య వరాలు గోడ మీద విరుచుకుపడింది.

"మనిషి నిలబడలేకపోతంటే మామూలేటి?"

"రోజూ ఎలా ఉన్నారని అడుగుతున్నాను. బాగున్నానంటున్నారు," అంది గోడ.

వరాలు మొగుడి వైపు తిరిగింది. "అలాగన్నావేటి?"

"పొద్దున్నే పలకరిస్తే బాలేదంటారేటే ఎవరైనా?"

"అదేమన్నా చుట్టమా, మర్యాద చెయ్యడానికి? ఉన్నది చెప్పు."

సింహాద్రి గోడకేసి చూస్తూ మెల్లగా చెప్పాడు. మెడ వంగడం లేదు. కాళ్లు మొద్దుబారుతున్నాయి. మూత్రం వచ్చేది తెలియడం లేదు. ఇవేవీ వరాలుకు తెలియవు.

చీటీ బయటికొచ్చింది. అక్షరాలు రెండేసిగా కనిపిస్తుంటే అతను దాన్ని ఆమెకిచ్చాడు.

"ఏటి రాసిందే?"

వరాలు ముందు మనసులో చదువుకుంది. ఒక మాట వదిలేద్దామనుకుంది. తర్వాత అతని పక్కన కూర్చుని మొత్తం పైకి చదివింది.

"మెదడు, వెన్నుపాము పొరల్లో క్యాన్సర్ అని అనుమానం. అరుదైనది, త్వరగా ముదిరేది. ఈరోజే వెన్నులో నీరు తీసి చూడాలి."

సింహాద్రి గోడ పట్టుకుని లేవబోయాడు.

"ఆటో పిలు మరి," అన్నాడు.