నడవ బండ

గోనెపట్టలో చుట్టిన బండను షేర్ ఆటోలోంచి దించుతుంటే డ్రైవర్ తిట్టాడు.

"మనుషులెక్కే ఆటోలో రాళ్లేంది పెద్దాయనా?"

ముసలాయన బండను గుండెకు ఆనించుకుని కల్లూరు రోడ్డు దాటి, ఉమామహేశ్ బండలు కోసే షెడ్డులోకి వచ్చాడు.

ఉమామహేశ్‌కు ఆరోజు తల గోక్కునే తీరిక లేదు. కొత్త ఇళ్లవాళ్లు వంటగట్లకు బండలు కావాలని నెత్తినెక్కి కూర్చున్నారు.

"దీన్ని చదరంగం పలకకు కొయ్యల్లప్పా," అన్నాడు ముసలాయన.

"చదరంగమా!" ఉమామహేశ్‌కు నవ్వొచ్చింది. "బజార్లో అట్ట పలక దొరుకుతాది కదా. దీనికి బండ మోసుకోని వస్తివా?"

"నేనే చేపిచ్చుకోవల్ల."

ఉమామహేశ్ గోనెపట్ట విప్పి చూశాడు. పాత ఇంటి నేలలోంచి పెరికిన నల్ల బండ. పైభాగం నున్నగా ఉంది. మిషన్ నునుపు కాదు, ఏళ్ల తరబడి కాళ్లు తిరిగి అరిగిన నునుపు. కిందిభాగం గరుకు. ఒక పక్కన చిన్న గుంత.

"నల్ల గళ్లకు ఇది సరిపోతాది. తెల్ల గళ్లకు పాలరాయి ముక్కలుండాయి, ఊరికే ఇస్తా తీసుకో."

"వద్దప్పా. అన్నీ దీంట్లోవే. అరవై నాలుగు ముక్కలు కోసి, ఒకటి ఇడిచి ఒకటి బోర్లించు. ఒకటి నున్నగ, ఒకటి గరుకు."

"అంతా నల్లగుంటే ఆడేదెట్ల?"

"ఆడేటోళ్లకు తెలుస్తాదిలే."

వెర్రి వెయ్యి విధాలనుకున్నాడు ఉమామహేశ్.

"సరే, పాలిష్ అన్నా కొడతా. మెరుస్తాది."

"పాలిష్ మిషన్ తగలనీయొద్దు!" గట్టిగా అనేసి, అంతలోనే తగ్గాడు ముసలాయన. "ఉండేది ఉన్నట్టే ఉండనీ నాయనా. ఆ గుంత కూడా ఒక గడి నడుమకు వచ్చేటట్టు చూడు."

ఇలాంటి గిరాకీలు ఇద్దరొస్తే షెడ్డు మూసుకోవాల్సిందే.

షెడ్డు వెనకే ఇల్లు. తలుపు తీసే ఉంది. లోపల మంచం మీద కూర్చున్న తల్లి కృష్ణవేణమ్మ దగ్గు వినిపించింది. ముసలాయన ఉలిక్కిపడి అటు చూశాడు.

"మా అమ్మ," అన్నాడు ఉమామహేశ్. "చక్కెర జబ్బుతో కండ్లు పోయినాయి. ఆ మంచమే ఆయమ్మ లోకం."

"తోడుకెవరన్నా వచ్చి కూసుంటారా?"

"ఎవరొస్తారు? పొద్దస్తమానం నేనీడ దుమ్ములో పడుంటా. నాకెవరూ లేరని ఆయమ్మే అంటాంటాది."

ముసలాయన తల వంచుకున్నాడు. ఆ తర్వాత ఇంటి గడప దాకా వెళ్లాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, అక్కడే నిలబడ్డాడు.

"ఏం కావల్లప్పా?" కేకేశాడు ఉమామహేశ్.

"రవ్వన్ని నీళ్లు."

ఉమామహేశ్ తానే లోపలికెళ్లి చెంబుతో తెచ్చి ఇచ్చాడు. ముక్కూ మొహం తెలియనివాళ్లను ఇంట్లోకి రానిచ్చే రోజులా ఇవి? ముసలాయన రెండు గుక్కలు తాగాడు. చెంబు తిరిగి ఇచ్చేసి కూడా ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఇంక బయల్దేరు పెద్దాయనా. కోసి, అతికించి, ఆరబెట్టల్ల. శుక్రవారం రా."

ముసలాయన మెల్లగా చెప్పులు తొడుక్కున్నాడు. సెల్ నంబర్ చెప్పి వెళ్లిపోయాడు.

పలక ఆరింది. శుక్రవారం పోయింది. ఆపై శుక్రవారమూ పోయింది. చివరికి ఉమామహేశ్ ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"బొజ్జన్న సెల్లే నాయనా ఇది. నేను పక్కింటి భీమమ్మను. ఆయప్ప కాలమై వారమాయ. చదరంగం పావులు చెక్కుతా చెక్కుతానే ఒరిగిపాయ."

ఉమామహేశ్ గోడకు ఆనించిన పలక వైపు చూశాడు.

"ఆయప్ప పలక నా కాడుండాది. ఎవరికియ్యల్ల?"

"ఎవరుండారు? ఒంటిమనిషి. రెండు పక్కలా ఆయప్పే ఆడుకుంటాండె. నువ్వే పెట్టుకో నాయనా."

అయ్యో పాపం అనుకున్నాడు. పలకను పారేయడానికి చేతులు రాలేదు. తెచ్చి తల్లి మంచం పక్కన నీళ్ల చెంబు కింద పెట్టాడు.

ఆ మధ్యాహ్నం చెంబు కోసం తడుముకున్న కృష్ణవేణమ్మ చేయి పలక మీద ఆగింది. నున్నగా, గరుకుగా, మళ్లీ నున్నగా. వేళ్లు గడి గడికీ జరిగాయి. గుంత తగలగానే ఆగిపోయాయి.

"ఉమా! ఇది మా పుట్టింటి నడవ బండ కదరా!"

"ఏందమ్మా?"

"బాదంకాయలు కొట్టి కొట్టి మేం చేసిన గుంతరా ఇది. దీని మీదనే బొగ్గుతో గళ్లు గీసి బొజ్జన్నా నేనూ ఆడుకుంటాంటిమి. ఒక్కసారన్నా గెలవనిచ్చినాడా!"

ఉమామహేశ్ వంగి ఆ గుంతను తానూ తడిమాడు.

"నా పెండ్లప్పుడు కొట్లాడుకున్యాము. నాకెవరూ లేరు పో అనేస్తి. నువ్వే లోపలికి పిలిచిందాకా నీ గడప తొక్కనని పాయ ఆ మొండోడు. నాకు చూపు పోయిందని యాడ ఇన్నాడో, వేళ్లకు తెలిసేటట్టు పలక చేపిచ్చినాడు."

ఆమె చీర కొంగు సర్దుకుంది. ఎన్నాళ్లకో నవ్వుతోంది.

"బయట నిలబెట్టినావేమిరా? లోపలికి రమ్మను!"

చెప్పులు విప్పి గడప ముందు నిలబడిన మేనమామకు చెంబెడు నీళ్లిచ్చి పంపేశానని ఆమెకు ఎట్లా చెప్పాలో ఉమామహేశ్‌కు తెలియలేదు.