నడుమ రోబోలు

రాప్తాడు బడిలో ఆట ముగిసింది. లోకేష్ తోలుబొమ్మలను పెట్టెలో సర్దుతూ, నల్లముసుగు చక్రవర్తిని నేరుగా వీరుడి బొమ్మ మీద పెట్టాడు.

"పెట్టెలో శత్రువుల బొమ్మల్ని తాకనీయగూడదురా," అంది తల్లి గోవిందమ్మ. "నడుమ రోబోల్ని పెట్టు."

"ఇంగెందుకుమ్మా? ఆ కట్టుబాటు పట్టించుకునే నాయనే పోయినాడు."

అంతరిక్ష యుద్ధం కథను నాలుగేళ్ళ క్రితం లోకేషే కట్టాడు. రామాయణం పక్కన పెట్టాడని తండ్రి అతనితో మాట్లాడటం మానేశాడు. అయినా బతుకు కోసం తెర వెనక చక్రవర్తి గొంతు ఆయనే పలికేవాడు. వీరుడి గొంతు లోకేష్‌ది. రోబోలను గోవిందమ్మ ఆడించేది. ప్రతి ఆటలోనూ ఆయన ఆమె చెవిలో ఏదో చెప్పేవాడు. వెంటనే రోబో వీరుడి దగ్గరికి పోయి, "అన్నం తిన్నావా అని మా దొర అడగమన్నాడు," అనేది. పిల్లలు నవ్వేవాళ్ళు.

తండ్రి పోయాక ఇదే మొదటి ఆట. రెండు గొంతులూ లోకేషే పలికాడు.

"ఈ నాలుగేండ్లూ అన్నం మాట మరిచిపోకుండా అంటివే," అన్నాడు. "నాయన నీ చెవిలో చెప్పినట్లే."

గోవిందమ్మ రోబోల వెదురు పుల్లలు తుడుస్తోంది.

"మీ నాయన చెవిలో చెప్పేది లైటు సరిగ్గా పెట్టమని. అన్నం మాట ఎప్పుడూ నాదేరా."

లోకేష్ ఆమె వైపు తిరిగాడు.

"ఈపొద్దు మాత్రం నేనన్లేదు," అంది ఆమె. "చక్రవర్తి గొంతుతో నీకే తెలీకుండా నువ్వే అడిగినావు. అచ్చం మీ నాయన మాదిరే."

లోకేష్ చక్రవర్తిని పైకి తీశాడు. వీరుడి మీద రెండు రోబోలనూ పరిచాడు.